పాత రొట్టె ఉండలు... పుల్లటి క్యాబేజీ!

రొట్టె గట్టిపడితే మనం కాకులకు వేసేస్తాం. జర్మనీలోని బవేరియా ఇల్లాలు మాత్రం అది గట్టిపడేదాకా ఆగుతుంది! తాజా రొట్టెతో 'జెమ్మెల్‌క్నోడెల్' కుదరవు మరి. జెమ్మెల్ అంటే అరచేతిలో పట్టే గుండ్రటి రొట్టె, క్నోడెల్ అంటే ఉండ. పాలు పీల్చుకున్నాక జావ కాకుండా నిలబడాలంటే రొట్టె కనీసం నిన్నటిదై ఉండాలి. దీనికి జోడీ పులియబెట్టిన క్యాబేజీ... సావర్‌క్రౌట్. మంచు కురిసి పొలంలో పచ్చటాకు దొరకని రోజుల్లో ఈ రెండూ ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ కడుపు నిండిపోయేది.

ముందు క్యాబేజీ సంగతి. ఆ పులుపు వెనిగర్‌తో వచ్చింది కాదు. సన్నగా తరిగిన క్యాబేజీ కిలోకు 20 గ్రాముల ఉప్పు... అంతే! చేత్తో గట్టిగా పిసికితే నీరు అదే ఊరుతుంది. జాడీలో కూరి, ఆ నీళ్లలో పూర్తిగా మునిగేలా పైన బరువు పెట్టాలి. పైకి తేలిన ముక్కకు బూజు పడుతుంది, జాగ్రత్త. మూత బిగించేయకండి, లోపల గ్యాస్ పుడుతుంది. మిగతా పనంతా ఆకుల మీదుండే బ్యాక్టీరియాదే. పెరుగు తోడుపెట్టే వాటికి ఇవి చుట్టాలే! అక్కడి చల్లదనంలో నాలుగైదు వారాలు పడుతుంది. మన ఎండల్లో తొందరగా పులిసి మెత్తబడిపోతుంది కాబట్టి చలికాలంలో పెట్టుకోవడమే మేలు.

1768లో ఇంగ్లండ్ నుంచి ఓడలో బయల్దేరిన కెప్టెన్ జేమ్స్ కుక్, నావికులకు స్కర్వీ జబ్బు రాకుండా దీన్ని వెంట తీసుకెళ్లాడు. వాళ్లేమో ముట్టుకోలేదు. ఆయన బలవంతపెట్టలేదు. రోజూ అధికారుల బల్ల మీద వడ్డించి, మిగతావాళ్లను ఇష్టమైతే తినమన్నాడు. వారం తిరిగేసరికి మనిషికింత అని కొలిచి పెట్టాల్సొచ్చింది! కాకరకాయ తినని పిల్లలున్న అమ్మలూ, విన్నారా?

నలుగురికి అరకిలో సావర్‌క్రౌట్ చాలు. ఉల్లిపాయను వెన్నలో (అక్కడైతే పంది కొవ్వులో) వేయించి, క్యాబేజీ, ఒక ఆపిల్ తురుము, బిర్యానీ ఆకు, జీలకర్రకు చుట్టమైన క్యారవే గింజలు, కప్పు నీళ్లు వేసి సన్నసెగ మీద 40 నిమిషాలు మగ్గించాలి. పచ్చి బంగాళాదుంప కాస్త తురిమి వేస్తే చిక్కబడుతుంది.

ఇక ఉండలు. 300 గ్రాముల పాత రొట్టెను పల్చగా కోసి, పావు లీటరు వేడి పాలు పోసి అరగంట ఉంచండి. రెండు గుడ్లు, వేయించిన ఉల్లి, పార్స్‌లీ ఆకు, ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి కలిపి, తడిచేత్తో చిన్న కమలాపండంత ఉండలు చుట్టాలి. ఉప్పునీళ్లు మరిగాక సెగ తగ్గించి అప్పుడు వేయండి. నీళ్లు కుతకుతలాడితే ఉండ విడిపోతుంది. అందుకే జర్మన్లు ముందు ఒక్కటే వేసి చూస్తారు. విచ్చుకుపోతే మిగతా ముద్దలో రొట్టె పొడి కలుపుతారు. 20 నిమిషాల్లో ఉడికిపోతాయి.

గుడ్డు తినని ఇళ్లవాళ్లు బవేరియా వదిలి తురింగియా దారి పట్టాలి. అక్కడ ఉండలకు గుడ్డే అక్కర్లేదు. పచ్చి బంగాళాదుంపల తురుమును గట్టిగా పిండి, ఉడికించి మెదిపిన వేడి దుంపను అందులో కలుపుతారు. పచ్చిది రెండు వంతులైతే ఉడికింది ఒక వంతు. మధ్యలో వేయించిన రొట్టె ముక్క దాస్తారు. చేతులు నొప్పెడతాయి గానీ, నా ఓటు వీటికే!

పళ్లెంలో పెట్టాక చాకు తీయకండి. ఉండను ఫోర్కుతో తుంచుకోవడమే అక్కడి మర్యాద. చాకుతో కోస్తే గట్టిగా ఉందని వండినావిడను అన్నట్టే! జెమ్మెల్‌క్నోడెల్ మిగిలితే మర్నాడు బిళ్లలుగా కోసి, పెనం మీద వెన్నలో ఎర్రగా వేయించుకోవచ్చు. ఆ బిళ్లల కోసమే నాలుగు ఉండలు ఎక్కువ చుట్టేవాళ్లూ ఉన్నారు.