నడుం ఆపరేషన్ అయినోళ్లు ముక్కు స్ప్రే సంగతి దాచొద్దు



గల్ఫ్‌లో మనలో చాలామందికి రెండు బాధలు తప్పవు. లోడింగ్, సెట్టరింగ్ పనులతో నడుం పోతది. ఇసుక దుమ్ము, క్యాంపు ఏసీ గాలితో ముక్కు పోతది. డిస్క్ ఆపరేషన్ అయి రూంలో పడుకున్నోళ్లకు ఒక్క తుమ్ము వచ్చినా ప్రాణం పోయినట్టుంటది. అందుకే ఆ రోజుల్లో ముక్కును పట్టించుకోవడం చిన్న విషయం కాదు.

కానీ రూంలో రెండు రకాల సలహాలు వస్తాయి. ఒకరు "అది స్టెరాయిడ్ స్ప్రే, కుట్లు మానవు, ఆపెయ్" అంటారు. ఇంకొకరు "నా చుక్కల మందు వేస్కో, నిమిషంలో ముక్కు తెరుచుకుంటది" అంటారు. మా మాట ఒక్కటే: రెండూ వినొద్దు. భయపడాల్సిన చోట మనం భయపడటం లేదు, అంత భయం అక్కర్లేని చోట వణుకుతున్నాం.

స్టెరాయిడ్లన్నీ ఒకటి కావు. మాత్రలుగా, సూదులుగా రోజుల తరబడి వాడితే ఒళ్లంతా పాకుతుంది. గాయం మానడం ఆలస్యం కావచ్చు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది, షుగర్ పెరుగుతుంది. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ స్ప్రేలు ముక్కులోనే పనిచేస్తాయి. చెప్పిన మోతాదులో కొడితే రక్తంలో కలిసేది 2 శాతం లోపే. అసలు భయపడాల్సింది ఊరినుంచి తెచ్చుకున్న పేరులేని నొప్పి మాత్రలకు. వాటిలో ఏముందో మనకే తెలియదు. వాటి సంగతీ డాక్టర్‌కు చెప్పాలి. ఒకవేళ స్టెరాయిడ్ మాత్రలు చాన్నాళ్లుగా వాడుతుంటే సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, అది ఇంకా ప్రమాదం.

ఇక ఆ చుక్కల మందు. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అని సీసా మీద ఉంటే నాలుగైదు రోజులు దాటి వాడొద్దు. దాటితే ముక్కు మళ్లీ మూసుకుపోతది, ముందుకన్నా ఎక్కువే. బీపీ ఉన్నోళ్లు అడగకుండా ముట్టుకోవద్దు. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు.

స్టెరాయిడ్ స్ప్రే కొట్టే పద్ధతి ఉంది. సీసా ఊపాలి. నడుం వంచకుండా గడ్డం మాత్రమే కొంచెం కిందికి దించాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టాలి. మొన చెవి వైపు తిప్పాలి, నడిమి గోడకు తగలొద్దు. గట్టిగా పీల్చొద్దు. ఒక్కరోజులో ఫలితం రాదు, పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు. రక్తం కారితే ఆపి డాక్టర్‌ను అడగాలి. సింక్ మీదికి వంగి ఉప్పునీళ్లతో ముక్కు కడగడం కన్నా, ఆ రోజుల్లో మెడికల్ షాపులో దొరికే ఉప్పునీళ్ల స్ప్రే మేలు. తుమ్ము వస్తే దిండును పొట్టకు అదుముకుని, నడుం నిటారుగా ఉంచాలి.

మనవాళ్లు స్ప్రేను మందుల లెక్కలోనే వేయరు. "ఏం మందులు వాడుతున్నావ్?" అని డాక్టర్ అడిగితే "ఏం లేవు" అంటారు. ఫంగస్‌కు, హెచ్‌ఐవీకి ఇచ్చే కొన్ని మాత్రలతో కలిస్తే స్ప్రేలోని స్టెరాయిడ్ కూడా ఒంట్లో పేరుకుంటుంది. నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్ర, గట్టి నొప్పి మాత్ర కలిస్తే తూలి పడొచ్చు. ఆపరేషన్ అయిన నడుంతో బాత్రూంలో పడితే ఏమైతదో చెప్పాలా?

భాష రాకపోతే సిగ్గెందుకు? వాడే ప్రతి సీసా, ప్రతి మాత్రల అట్ట ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా డాక్టర్‌కు చూపించండి. ఐదు నిమిషాల చూపులో కూడా అది చాలు.

రూంలో ఉన్న మనం కూడా ఏసీ జాలి కడిగి, కింది మంచం వాళ్లకు ఇద్దాం. జ్వరం, కుట్ల నుంచి నీరు లేదా చీము, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే డ్యూటీ అయ్యేదాకా చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్దాం.