దెయ్యమంటే ఆడదేనా?

హారర్ సినిమాల చరిత్ర మీద 2019లో ‘హారర్ నోయిర్’ అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అమెరికా దెయ్యం సినిమాలు నల్లజాతివాళ్లని ఎలా చూపించాయో, వాటిలో నటించినవాళ్లే కూర్చుని చెప్తారు. తెలుగులోనూ అలాంటిది రావాలి, అందులో ఆడవాళ్లు మాట్లాడాలి.

ఎందుకంటారా? మన సినిమాల్లో దెయ్యమంటే తెల్లచీర, విరబోసిన జుట్టు. 1992లో ‘రాత్రి’లో రేవతిని పట్టిందీ ఆడదెయ్యమే. 2005 నాటి ‘చంద్రముఖి’లో ఆ నాట్యకత్తెని రాజు బతికుండగానే తగలబెట్టాడు. హాల్లో మనం భయపడింది మాత్రం ఆమెకి! రాజుని ఎవరం ఒక్క మాట అనుకోలేదు. ఇళ్లలోనూ అంతే కదా, తలకు పోసుకుని జుట్టు ఆరబెట్టుకునే పిల్లని ‘ఏమే, దెయ్యం మాదిరి’ అంటాం.

మా కర్నూలు వైపు వాళ్లకి ‘అరుంధతి’ (2009) సొంత సినిమా లాంటిది. బనగానపల్లెలో అది తీసిన నవాబు బంగళాని ఇప్పటికీ అరుంధతి బంగళా అనే అంటారు. అందులో దెయ్యం మగవాడు, ఆడవాళ్లని చెరిచిన పశుపతి. వాడి అంతు చూసేది అనుష్క. తీసిన కోడి రామకృష్ణగారు 2019లోనే పోయారు. అడగాల్సినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఎవరైనా పూనుకుంటే, ముందు ఆ బంగళా చూడ్డానికొచ్చే ఆడవాళ్లనే అడగండి.