బడి మానిన బిడ్డయు, హాజరుపట్టీయు

బడికి రాని బిడ్డను గూర్చి మనలో రెండు మాటలు సిద్ధముగా నుండును. బిడ్డ సోమరియట, తలిదండ్రులు చదువు విలువ యెఱుగని వారట. అంతటితో విచారణ ముగియును. ఉపాధ్యాయుడు పట్టీలో గైర్హాజరు గుర్తు వేయును. తనిఖీ అధికారి శాతము కట్టి పైకి పంపును. బిడ్డ మాత్రము మిరపచేలోనో, తమ్ముని చంక నెత్తుకొని యింటి వాకిటనో యుండును. గడచిన పాతికేండ్లుగా నానాదేశముల పరిశోధకులు ఈ నిందను ప్రక్కకు నెట్టి, కొన్ని పాఠశాలల కొక సహాయ మిచ్చి, మఱికొన్నిటి కీయక, రెండు చోట్లను హాజరును లెక్కించి చూచుచున్నారు. ఆ లెక్కలు కొన్ని మేము చదివితిమి. మన నమ్మకములను తలక్రిందు చేయు సంగతులు వానిలో కలవు.

ఆకలి సంగతి మనకు క్రొత్త గాదు. మదరాసు నగరపాలక సంస్థ 1920లోనే, పిట్టి త్యాగరాయచెట్టిగారు అధ్యక్షులుగా నున్న కాలమున, థౌజండ్ లైట్సు పాఠశాలలో బిడ్డ కొక్కింటికి రోజున కొక అణాకు మించని ఖర్చుతో ఫలాహారము పెట్టించెను. 2001లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించిన పిమ్మట వండిన భోజనము దేశమంతట వ్యాపించినది. మధ్యప్రదేశ్ గ్రామములలో పరిశీలింపగా, ఆ అన్నము వలన ఒకటవ తరగతి బాలికల హాజరు నూటికి పదిపాళ్లకు మించి పెరిగినట్లు తేలినది. కెన్యా దేశమున 75 పాఠశాలలలో నులిపురుగుల మందు మ్రింగించినందున గైర్హాజరు నాలుగవ వంతు తగ్గినదని 2004లో ప్రకటించిరి. ఈ లెక్కను 2015లో మఱికొందఱు తిరుగ వేసి కొన్ని భాగములను శంకించిరి గాని, కడుపులోని బాధ బడికి అడ్డమగునన్న మాటను శంకింప నవసరము లేదు.

బహుమతుల కథ వేఱు. కాలిఫోర్నియాలో 15,329 మంది విద్యార్థులపై జరిగిన పరీక్షలో, ఒక నెల తప్పక వచ్చిరని ప్రశంసాపత్రము లందుకొన్న వారు తరువాతి నెలలో మఱింత యెక్కువగా బడి మానిరి! తాము తోడివారికన్న హెచ్చుగా వచ్చితిమి గావున ఇక చాలునని వారు తలచి యుందురని పరిశోధకుల యూహ. మన వార్షికోత్సవ వేదికలపై పళ్లెములు పంచు పెద్దలు దీనిని గమనింతురు గాక. ఫిలడెల్ఫియాలో చేసిన పని యింతకన్న చౌక. మీ బిడ్డ ఇన్ని దినములు రాలేదని లెక్క వ్రాసి యింటి కుత్తరములు పంపిరి. తరచు బడి మానువారి సంఖ్య పదింట నొక వంతు తగ్గినది. తమ బిడ్డ యెన్ని దినములు మానెనో తలిదండ్రులకే తెలియకుండెను.

ఇక ధనసహాయము. సహాయమునకు హాజరు నియమమును ముడిపెట్టిననే గాని పని జరుగదని ప్రభుత్వముల విశ్వాసము. మొరాకోలో 2008 మొదలు ఇది చదువు కొఱకని చెప్పి యే నియమము లేక కొందఱికి, నియమముతో మఱికొందఱికి సొమ్మిచ్చి చూడగా, నియమము వలన కలిగిన అదనపు లాభము దాదాపు లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మ ఒడి పథకమున తల్లికి 15,000 రూపాయలు ప్రకటించిరి. దానికి 75 శాతము హాజరు నిబంధన యుండెను. ఇట్టి నిబంధన యెవరికి తగులును? ఊరిలో నుండి సోమరితనముచే మానిన వానికి కాదు. వాడెట్లో 75 తెచ్చుకొనును. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కూలికుటుంబములు వానలు తప్పిన యేట పిల్లలతో గూడ గుంటూరు మిరపచేలకు వలస పోవును. నెలల కొలది అక్కడనే కాపురము. సహాయ మత్యవసరమైన ఆ తల్లియే నిబంధనచే దానిని పోగొట్టుకొను ప్రమాదమున నున్నది. మఱియు సొమ్ము హాజరుపట్టీపై ఆధారపడినప్పుడు పట్టీ సత్యమునే చెప్పుచున్నదా యని యడుగుట అనుచితము కాదని మా యభిప్రాయము.

ఉపాధ్యాయుల మాట యెత్తకుండుట అన్యాయము. 2003లో ముందు తెలుపక తనిఖీ చేసిన దినములలో దేశమున నూటికి ఇరువదియైదుగురు ఉపాధ్యాయులు పాఠశాలలో కానరాలేదు. ఉదయపూరు ప్రాంతపు ఏకోపాధ్యాయ కేంద్రములలో ఛాయాచిత్రమును సాక్ష్యముగ గొని, వచ్చిన దినములను బట్టి జీత మీయగా గైర్హాజరు 42 నుండి 21 శాతమునకు దిగినది. అయితే రాని వారందఱు పని తప్పించుకొన్నవారు కారు. సెలవులు, శిక్షణలు, సర్కారు పనులు కూడ వారిని తరగతి నుండి లాగుచున్నవి. వారి నితర కార్యములకు బంపి, బిడ్డలు రాలేదని వారినే దండించుట యెక్కడి న్యాయము?

మేము కోరున దిది. వలస పోవు కుటుంబముల పిల్లల పట్టీని వేఱుగ నుంచవలెను. ఆదోనిలో పేరున్న బిడ్డ గుంటూరు జిల్లాలో చేని చెంత బడికి పోయినచో ఆ హాజరును తల్లి లెక్కలో కలుపవలెను. ఊరిలో నుండగోరు పిల్లలకు కాలానుగుణ వసతిగృహములను పంట కోతలు మొదలగుటకు ముందే తెఱవవలెను. బండ్లు కదలిన పిమ్మట తెఱచిన గృహమున పడకలే యుండును.