లైవ్ మైగ్రేషన్ సూపరే.. కానీ పాత డిస్క్‌ను అప్పుడే ఫార్మాట్ చేయొద్దు!

కొత్త ఫోన్ కొన్న ప్రతి ఫ్రెండ్‌కీ నేను చెప్పే మాట ఒకటుంది. డేటా మొత్తం వచ్చిందని స్క్రీన్ మీద కనిపించినా సరే, పాత ఫోన్‌ను కొన్నాళ్లు రీసెట్ చేయకు అని. కానీ మా ఇంట్లో స్టోరేజ్ సర్వర్ మార్చేటప్పుడు ఆ మాట నేనే మర్చిపోయా. ఫలితం.. అక్క కొడుకు మొదటి పుట్టినరోజు వీడియోలు పోయాయి. ఫోన్‌లో స్పేస్ లేదని నా దగ్గర దాచమని ఇచ్చిన వీడియోలు అవి.

ఇంట్లో చిన్న శాన్

శాన్ అంటే స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్. నాస్ మనకు ఫోల్డర్‌ను షేర్ చేస్తే, శాన్ ఏకంగా డిస్క్‌నే ఇస్తుంది. అలా ఇచ్చే డిస్క్‌ను లన్ అంటారు. అది ఎక్కడో సర్వర్‌లో ఉన్నా, మన ల్యాప్‌టాప్‌కి మాత్రం లోపల బిగించిన డిస్క్‌లాగే కనిపిస్తుంది. పెద్ద ఆఫీసుల్లో దీనికి ఫైబర్ ఛానెల్ వాడతారు. ఇంట్లో అయితే మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద ఐ-స్కజీ సరిపోతుంది. ఇదేదో మనకు సంబంధం లేని టెక్నాలజీ అనుకోకండి. మీ ఫోన్‌లో యూఎఫ్ఎస్ స్టోరేజ్ ఉంటే, అది కూడా స్కజీ కమాండ్లతోనే పనిచేస్తుంది!

నా సెటప్ సింపుల్. పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్, 1 టీబీ హార్డ్ డిస్క్, దాని మీద ఎల్‌వీఎం వాల్యూమ్. దాన్నే ఐ-స్కజీతో ల్యాప్‌టాప్‌కి ఇచ్చా. డిస్క్ నిండిపోవడంతో 4 టీబీది కొని, పీవీమూవ్ కమాండ్ కొట్టా.

నిజం చెప్పాలంటే అది అద్భుతమైన టూల్. వాల్యూమ్ వాడకంలో ఉండగానే, డేటాను ముక్కలు ముక్కలుగా కొత్త డిస్క్‌కి తరలిస్తుంది. మధ్యలో కరెంట్ పోయినా, మళ్లీ కమాండ్ ఇస్తే పని కొనసాగిస్తుంది. నేనైతే అదే లన్‌లోని సినిమా చూస్తూ కూర్చున్నా, ఒక్కసారి కూడా ఆగలేదు. పని అయ్యాక పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసి ఫ్రెండ్‌కి ఇచ్చేశా. నాలుగో రోజు కొత్త డిస్క్ టక్ టక్‌మంటూ చచ్చిపోయింది. వారంటీలో ఇంకో డిస్క్ వచ్చింది. వీడియోలు రాలేదు. "ఒరేయ్, బాబు బర్త్‌డే వీడియోలు పంపరా" అని అక్క ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు.

తప్పు టూల్‌ది కాదు

పీవీమూవ్ చేసేది కాపీ కాదు, తరలింపు. పని పూర్తయ్యాక వాల్యూమ్ మొత్తం కొత్త డిస్క్ మీదే ఉంటుంది. వెనక్కి రావడానికి పాత వాల్యూమ్ అంటూ మిగలదు. బ్యాంకులు, ఆసుపత్రులు సర్వీస్ ఒక్క నిమిషం కూడా ఆపలేవు కాబట్టి లైవ్ మైగ్రేషన్ చేస్తాయి. కానీ వాటికి వేరేచోట బ్యాకప్ ఉంటుంది. మనం వాళ్ల టూల్‌ను చూసి నేర్చుకుంటాం, బ్యాకప్‌ను మాత్రం వదిలేస్తాం. అందుకే నా అభిప్రాయం ఇది: ఇంటి సర్వర్‌కి లైవ్ మైగ్రేషన్ అక్కర్లేదు. ఒక రాత్రి సర్వర్ ఆగితే కొంపేం మునగదు.

"రెయిడ్ ఉందిగా?" అంటారా? మిర్రర్ ఉంటే నా డిస్క్ చావు నుంచి కాపాడేదే, ఒప్పుకుంటా. కానీ పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. ఎల్‌వీఎం స్నాప్‌షాట్ కూడా అసలు వాల్యూమ్ మీదే ఆధారపడుతుంది. అసలుది పోతే అదీ పోయినట్టే.

ఇప్పుడు నేను చేసేది

- ముందుగా లన్‌ను మిగతా మెషీన్ల నుంచి డిస్‌కనెక్ట్ చేస్తా. ఎక్స్‌ట్4 లాంటి మామూలు ఫైల్ సిస్టమ్ ఉన్న లన్‌లో రెండు మెషీన్లు ఒకేసారి రాస్తే, డేటా పాడవడం ఖాయం.
- డిస్క్‌ను పేరుతో కాదు, సీరియల్ నంబర్‌తో గుర్తుపడతా. రీబూట్ అయితే ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీబీ అయిపోవచ్చు.
- పాత లన్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, కొత్త లన్‌లోకి ఆర్‌సింక్‌తో కాపీ చేస్తా. తర్వాత చెక్‌సమ్ ఆప్షన్‌తో రెండోసారి నడిపి సరిచూస్తా.
- పాత డిస్క్ మీద తేదీ రాసి 30 రోజులు బీరువాలో పెడతా. ఈలోగా ముఖ్యమైన ఫైళ్లు వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కూడా వెళ్లాలి.

ఇలా చేస్తే ఒక రాత్రి పడుతుంది, సినిమా చూస్తూ చేయడం కుదరదు. పర్లేదు. కాపీ 100 శాతం అయిందంటే మైగ్రేషన్ సగమే అయినట్టు. మిగతా సగం, ఆ పాత డిస్క్ బీరువాలో ఉండే 30 రోజులు.