ఈ బండ ఎవరు అప్పజెప్పారు?

ఈ విశ్వానికి మనిషి గోడు పట్టదనీ, మన బతుకులకు పైనుంచి ఎవరూ అర్థం రాసిపెట్టలేదనీ ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1942లో వాదించాడు. అందుకు గ్రీకు పురాణంలోని సిసిఫస్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. దేవతలు విధించిన శిక్ష ప్రకారం సిసిఫస్ ఒక బండను కొండమీదికి దొర్లిస్తాడు. శిఖరం చేరగానే అది కిందికి జారిపోతుంది. మళ్ళీ మొదలు. ఏ భ్రమా లేకుండా ఆ పని చేసేవాడు సంతోషంగానే ఉండగలడంటాడు కామూ.

ఈ వాదంలో సగం నాకు నచ్చుతుంది. భర్త కొడితే కర్మ, చదువు మాన్పిస్తే తలరాత అని నేర్పిన సమాజం మనది. విశ్వం ఎవరి నుదుటా ఏమీ రాయలేదంటే, ఈ రాతలన్నీ మనుషులవేనని తేలుతుంది. మనుషులు రాసినవాటిని మనుషులు చెరపవచ్చు.

మిగతా సగంతోనే నా పేచీ. సిమోన్ ద బోవార్ 1949లో ఇంటిచాకిరీని సిసిఫస్ శిక్షతో పోల్చింది. తోమిన గిన్నె మళ్ళీ అంటవుతుంది, ఉతికిన చీర మళ్ళీ మాస్తుంది. అయితే ఈ బండను స్త్రీకి అప్పజెప్పింది దేవతలు కాదు, విశ్వం అసలే కాదు. మన దేశంలో 2019లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ జీతంలేని పనికి వెచ్చించారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలే. ప్రకృతి ఇలా వాటాలు వెయ్యదు. దీన్ని జీవితపు అర్థరాహిత్యం అనడం తలరాతకు కొత్త పేరు పెట్టడమే. ఈ బండ దొర్లిస్తూ సంతోషంగా ఉండమనడం పెళ్ళిపీటల మీద మనకు చెప్పే పాత హితబోధే.

పైగా సిసిఫస్ ఒంటరివాడు. మనం కాదు. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో స్త్రీలు ఏకమై సారా దుకాణాలు మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. బండ మళ్ళీ జారింది, నిజమే. కానీ ఆ బండను ఆ స్త్రీలు తామే ఎంచుకున్నారు, కలిసి నెట్టారు. ఆ కలయికలో వాళ్ళ బతుకులకు దొరికిన అర్థాన్ని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ రద్దు చెయ్యలేదు.

విశ్వం పలకదు. దాన్ని నిలదియ్యలేం. మన ఇంటినీ, వీధినీ, ప్రభుత్వాన్నీ నిలదియ్యగలం. ఇతరులు నెత్తిన పెట్టిన బండను దించి, మనం ఎంచుకున్నదానికి భుజం పట్టడమే నాకు తెలిసిన అర్థం.