గ్లాస్ జో గెలిచిన ఒక్క ఆట

పోయిన ఆదివారం మనవడు టీవీ ముందు కూర్చుని బాక్సింగ్ వీడియో గేమ్ ఆడుతున్నాడు. మొదటి ప్రత్యర్థి బక్క మనిషి. నాలుగు గుద్దులకే పడిపోయాడు. "వీడు ఉట్టి డమ్మీ, తాతా" అని మనవడు నవ్వాడు. ఆ మనిషి లెక్క తెర మీదే ఉంది: 1 గెలుపు, 99 ఓటములు. అద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాను.

ఆయన పేరు గ్లాస్ జో. ఊరు పారిస్, వయసు 38. నింటెండో కంపెనీ 1984లో తెచ్చిన 'పంచ్ ఔట్' ఆటలో పుట్టాడు. 1987లో అది ఇళ్ళలోని టీవీలకు వచ్చినప్పుడూ మొదట దెబ్బలు తినేది ఆయనే. దెబ్బకు ఆగలేని బాక్సర్‌ది 'గాజు దవడ' అంటారు. ఇంగ్లీషులో దవడ అంటే 'జా'. దాన్ని 'జో' చేసి పేరు పెట్టేశారు.

చెప్పొద్దూ, నా ధ్యాసంతా ఆ 1 మీదికి పోయింది. ఎవరి మీద గెలిచాడు? 2009లో వీ మిషన్ కోసం వచ్చిన ఆటలో, రౌండ్ల మధ్య కోచ్ డాక్ లూయిస్ ఆ సంగతి చెప్తాడట: నిక్ బ్రూజర్ మీద! 1994 నాటి 'సూపర్ పంచ్ ఔట్'లో అందరికంటే చివర ఎదురయ్యే వస్తాదు ఆ నిక్. అక్కడ అతని ఖాతాలో ఓటమే లేదు. రెండు లెక్కలూ కలవవు. తయారుచేసినవాళ్ళు సరదాకి అన్నారేమో గానీ, నేను జో మాటే నమ్ముతాను.

అదే ఆటలో జో రెండోసారి వస్తాడు. అప్పటికి ఓటములు 100. డాక్టరు చెప్పాడని తలకు మెత్తటి కవచం కట్టుకుని మరీ వస్తాడు.

"వందసార్లు ఓడినోణ్ణి మళ్ల ఎవరు పిలుస్తరు, తాతా?"

పిలుస్తారు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం బాక్సర్ పీటర్ బక్లీ 300 పోటీలు ఆడి 256 ఓడాడు. 2008లో ఆడిన ఆ 300వది, ఆఖరిది, గెలిచాడు. పైకొస్తున్న కుర్రాళ్ళకు ఎదురు నిలబడేందుకు ఇలాంటివాళ్ళు కావాలి. రావాల్సినవాడు రాకపోతే అప్పటికప్పుడు ఫోన్ చేస్తే సంచి సర్దుకుని పోవాలి. నాకౌట్ అయితే కొన్ని వారాలు రింగులోకి రానివ్వరు, ఆ కూలీ పోతుంది. అందుకని గెలవడం కంటే పడిపోకుండా ఉండటమే వాళ్ళ పనితనం.

వాడికి ఇదంతా ఎట్లా చెప్పాలో తెలియక మా నాయన సంగతి చెప్పాను. మిల్లులో ఆయన బద్లీ. భోంగా మోగకముందే గేటు కాడ నిలబడేవాడు. ఎవరైనా నాగా పెడితే జాబర్ పిలిచేవాడు, లేకపోతే డబ్బా అట్లాగే ఇంటికి తెచ్చేవాడు. ఆ రోజుల్లో అమ్మ డబ్బా విప్పి, ఆ రొట్టెలే మాకు పంచేది. మర్నాడు మళ్ళీ అదే గేటు.

మనవడు ఆట మళ్ళీ మొదలుపెట్టాడు. జో ముందుకొచ్చాడు. వీడు కొట్టకుండా ఆగి, "మరి మీ నాయన పర్మనెంట్ అయిండా, తాతా?" అన్నాడు.

"అయిండు బిడ్డా. పదకొండో ఏట."