కోడి మీద నింద వేయొద్దు



మన హాస్టల్లో ఇప్పటికీ ఎక్కడైనా కోడి గురక పెడితే "కరోనా వచ్చింది, ముట్టుకోకండే" అంటున్నారు. ఇది తప్పు అని నా అభిప్రాయం.

కరోనా అంటే ఒక్క వైరస్ కాదు, పెద్ద కుటుంబం. మైక్రోస్కోపులో చూస్తే చుట్టూ కిరీటం లాగ కనబడుతుందని 1968లో ఆ పేరు పెట్టారు. పేరు పెట్టక ముందే ఈ జబ్బులు జంతువులకు ఉన్నాయి. కోడిపిల్లల జబ్బు గురించి అమెరికాలో 1931లోనే రాశారు. అది వస్తే కోడి దగ్గుతుంది, తుమ్ముతుంది, గురక పెడుతుంది. గుడ్లు తగ్గిపోతాయి, పెంకు పల్చగా వంకరగా వస్తుంది. పందిపిల్లలకు, లేగదూడలకు విరేచనాలు తెచ్చే కరోనాలు వేరే ఉన్నాయి.

కోళ్ల కరోనా మనుషులకు రాదు. అయినా 2020లో పుకారు పుట్టి జనం కోడికూర మానేశారు, ధర పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో హైదరాబాదులో మంత్రులే వేదిక మీద కోడికూర తిని చూపించాల్సి వచ్చింది. మా అమ్మలాంటోళ్లు సంతలో కోడిని అమ్మితేనే మనకు నోటుపుస్తకాలు. పుకారు వల్ల నష్టపోయేది ఎవరు?

మరి జంతువు నుంచి అసలు రాదా అంటే, కొన్ని వస్తాయి. 2012లో సౌదీ అరేబియాలో బయటపడిన మెర్స్ ఒంటెల నుంచి మనుషులకు వచ్చింది. ఒంటెకు జలుబు లాగ వచ్చి పోతుంది, మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఏది వస్తుందో ఏది రాదో తెలుసుకోవాలి గాని అన్నిటికీ భయపడకూడదు.

గురక పెట్టే కోడిని వేరే గంప కింద పెట్టాలి. కొక్కెర తెగులుకు కూడా గురక వస్తుంది, కానీ అది కరోనా కాదు. ఏదన్నది పశువుల డాక్టరు గారే చెప్పాలి. దూడ పుట్టగానే జున్నుపాలు ముందు దూడకే తాగించాలి. మావోళ్లు ఆవుపాలు పిండరు, దూడవే అంటారు. దానికి కొందరు నవ్వుతారు. కానీ జబ్బును తట్టుకునే శక్తి దూడకు ఆ మొదటి పాలలోనే వస్తుంది.

కోళ్లకు టీకాలు ఉన్నాయి. అవి పెద్ద ఫారాలకే కాదు, కొండ మీద ఊళ్లకు కూడా రావాలి. మేడం గారు ఒక ఆదివారం పశువుల డాక్టరు గారిని పిలిపిస్తే అడిగి నేర్చుకుంటాం. మన ఇళ్లలో మొదట చదువుకుంటున్నది మనమే. మనం చెప్పకపోతే ఊరికి పుకారే చెబుతుంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని